ఎడమ మడత

“సంతకం పెడితే పావుగంటలో అయిపోయే పనమ్మా ఇది,” అన్నాడు పెద్దకొడుకు తమ్ముడి భార్యతో.

పొద్దున్నుంచి ఈ మాట అనడం నాలుగోసారి. మొదట బతిమాలుతూ అన్నాడు. తర్వాత విసుక్కుంటూ, ఆ తర్వాత నవ్వుతూ. ఇప్పుడు గోడ గడియారం చూస్తూ అంటున్నాడు.

చిన్నకోడలు బల్లకి అవతలివైపు నిలబడి ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు. ఆమె కూర్చోలేదు.

బల్ల మీద అతను రాసి తెచ్చిన ఉత్తరం ఉంది. దాని పక్కన మొన్న తిరిగొచ్చిన పాత వీడియో గేమ్ పెట్టె, తడిసి ఆరి, అట్ట ఉబ్బిపోయి. పెట్టె మీద నల్లటి గేమ్ కాసెట్. ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ విప్పని పెట్టె అని చెప్పి అమ్మారు దాన్ని. కొన్నాయన ఇంట్లో నీళ్ళ పైపు పగిలింది. లోపలిదైనా దక్కుతుందేమోనని ఆయన పై ప్లాస్టిక్ కోసి చూస్తే, కాసెట్ వెనక నీలం సిరాతో ఎవరో పిల్లాడి అక్షరాలు కనబడ్డాయి.

‘ఇది నాది. ముట్టుకుంటే పళ్ళు రాలగొడతా.’

“వాడెవడో గాని అన్నంత పనీ చేశాడు. మన పళ్ళు రాలగొట్టాడు,” అంది పెద్దకోడలు పొయ్యి దగ్గర్నుంచి, ఇటు తిరక్కుండానే.

ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా నవ్వించడానికి అనలేదు.

“ఆ నాలుగు ముక్కలు తుడవడానికి వాడికి చేతులు రాలేదు,” అన్నాడు పెద్దకొడుకు తమ్ముణ్ణి తలుచుకుని. తమ్ముడు కింద పనిగదిలో ఉన్నాడు. “సరే, అయిందేదో అయింది. ఈ ఉత్తరంలో అబద్ధమేముందో నువ్వే చెప్పు. ఆ పెట్టెలకి ప్లాస్టిక్ వేసింది నువ్వు కాదా?”

“నేనే బావగారూ.”

“మరి?”

“‘మా బావగారికి తెలియకుండా’ అని రాశారు.”

“ఒక్క మాట.”

“ఒక్క మాటే.”

పెద్దకొడుకు కలం మూత తీసి, మళ్ళీ పెట్టాడు. “చూడమ్మా. మన పెట్టెలు అమ్మిపెట్టే వేలం సంస్థ వాళ్ళు ఎవరో ఒకరి పేరు రాసుకోకుండా వదలరు. నా పేరు రాసుకుంటే షాపు పోతుంది. నమ్మకం తప్పినవాళ్ళ జాబితా అని ఒకటి పెడతారు వాళ్ళు, ఈ వ్యాపారంలో ఉన్న ప్రతివాడూ చూస్తాడు. రేపట్నుంచి మన దగ్గర ఒక్క పాత రేడియో కూడా ఎవడూ కొనడు. అదే నీ పేరనుకో, నువ్వెవరో ఎవరికి తెలుసు? నువ్వు షాపులో ఏనాడైనా నిలబడ్డావా? జాబితాలో ఒక మూల పడి ఉంటుంది.”

“వచ్చే నెల ఒకటో తారీకున నేను గ్రంథాలయంలో చేరాలి.”

“గ్రంథాలయం వాళ్ళకీ దీనికీ ఏం సంబంధం?”

“చిరిగిన పాత పుస్తకాలు బాగుచేసే ఉద్యోగం బావగారూ. పాత కాగితం నా చేతికి అప్పగిస్తారు వాళ్ళు. ఈ చేత్తో దొంగ పెట్టెలు చేశానని రాసిచ్చాక ఎవరు అప్పగిస్తారు?”

“దొంగ పెట్టెలు!” పెద్దకోడలు గరిటె పక్కన పెట్టి వచ్చింది. “ఏం మాటలే అవి? నిన్నటిదాకా లేని దొంగతనం ఇవాళ ఎక్కడ్నుంచి ఊడిపడింది? నాలుగేళ్ళుగా ఆ పెట్టెల అన్నమే కదా అందరం తిన్నాం. నీ కంచంలో వేరే పెట్టానా?”

“లేదక్కా.”

“షాపు మూసేస్తే వీళ్ళిద్దరూ రోడ్డున పడతారు. అప్పుడు మనిద్దరం ఏం చేద్దాం, ఇంట్లో కూర్చుని గేమ్‌లు ఆడుకుందామా?”

 అక్క మాటల్లో కోపం కన్నా భయమే ఎక్కువుందని చిన్నకోడలికి తెలుసు. రాత్రంతా ఆవిడ గదిలో దీపం వెలుగుతూనే ఉంది.

పెట్టెకి ప్లాస్టిక్ చుట్టే పనికి ఈ ఇంట్లో ‘చొక్కా తొడగడం’ అని పేరు. ఆమె పెళ్ళై వచ్చిన కొత్తల్లో, అంచులు చిరిగిన ఒక గేమ్ పెట్టెకి కాగితం అతికి, దుమ్ము పడకుండా పల్చటి ప్లాస్టిక్ చుట్టింది. ఎవరూ చెప్పలేదు, చెయ్యి ఊరుకోక చేసింది. బావగారు ఆ పెట్టెని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశాడు. “ఇలాంటి చెయ్యి మా ఇంట్లో ఇంతవరకూ ఎవరికీ లేదమ్మా,” అన్నాడు.

ఆ చెయ్యి ఎడమ చెయ్యి. చిన్నప్పుడు ఆ చేత్తో రాసినందుకు బళ్ళో స్కేలు దెబ్బలు తింది. తల్లి కూడా నలుగురిలో ఆ చెయ్యి కొంగులో దాచుకోమనేది. దాన్ని మెచ్చుకున్న మొదటి మనిషి బావగారే.

పాత గేమ్‌లు పోగుచేసేవాళ్ళని ఈ ఇంట్లో ‘పిచ్చోళ్ళు’ అంటారు. వాళ్ళకి కావలసింది ఆట కాదు. ఏ పిల్లాడూ విప్పని పెట్టె కావాలి. విప్పలేదని చూసుకోవడానికి కావాలి. ఆ సంగతి చిన్నకోడలికి మొదటి ఏడాదే అర్థమైంది. ‘ఇవి కొత్తవని చెప్పి అమ్ముతున్నారా?’ అని ఒకరోజు బావగారిని అడగబోయింది. ఆయన అప్పుడే ఆమె చేసిన పెట్టెని అద్దంలా ఉందని మురిసిపోతున్నాడు. అడగలేదు. ఆ తర్వాత అడగాలని కూడా అనుకోలేదు.

అసలైన పెట్టెలకి ప్లాస్టిక్ వేసింది ఫ్యాక్టరీలో మిషన్. దాని మడత రెండు చివర్లా కుడివైపు నుంచి వచ్చి పైన కూర్చుంటుంది. ఎడమచేతివాళ్ళు మడిస్తే ఎడమది పైకి వస్తుంది. బావగారు ప్రతి పెట్టెనీ వేలితో మీటి బిగువు చూసేవాడు, వెలుతురులో పెట్టి మెరుపు చూసేవాడు, వాసన కూడా చూసేవాడు. మడత చూడలేదు. ఆమె కూడా చూసుకోలేదు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి ఏ కాగితం మడిచినా అలాగే మడిచింది. తన చేతికి అదే తిన్నని మడత.

నిన్న మధ్యాహ్నం వేలం సంస్థ వాళ్ళు ఫోన్ చేసి ఒకే ఒక ప్రశ్న అడిగారు. ‘మీ ఇంట్లో ఎడమచేతి వాటం ఎవరిది?’

పెద్దకొడుకు మాట తడుముకోకుండా చెప్పేశాడు.

“పదకొండింటికి వేలం సంస్థ తరఫున పెట్టెలు పరీక్షించే మేడమ్ వస్తుంది,” అన్నాడు ఇప్పుడు, లేచి నిలబడి. “నాన్న కింద షాపులోనే ఉంటాడు. పెద్ద కొనుగోలు బేరమని చెప్పాను. ఆయనకి ఒక్క ముక్క తెలిసినా ఆయన బతకడు. అది కూడా నీ ఇష్టమే మరి.”

---

పనిగది షాపు వెనక, మెట్ల కింద. అక్కడికి వెళ్ళాలంటే షాపులోంచే వెళ్ళాలి.

మామగారు ముందు గదిలో ఉతికిన చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. పెళ్ళికి తయారైనట్టు తల దువ్వుకున్నాడు.

“ఏమ్మా, వచ్చే ఆవిడ రేడియోలు కూడా కొంటుందంటావా?” అన్నాడు.

“తెలీదు మామయ్యా.”

“కొంటానంటే ఒక మాట ముందే చెప్పాలి. మన దగ్గర విప్పి బాగుచేసిన ప్రతి రేడియోలోనూ చీటీ ఉంటుంది. ఏ రోజు విప్పాను, ఏది మార్చాను, అన్నీ. కొత్తదని చెప్పి ఏనాడూ అమ్మలేదు. ఆ చీటీ చూసే కొనేవాళ్ళు జనం.”

“చెప్పండి మామయ్యా,” అంది. ఆయన ముందు నిలబడలేక లోపలికి వెళ్ళిపోయింది.

ఆమె భర్త బల్ల మీద గేమ్ మిషన్ విప్పి పెట్టుకుని, ఉబ్బిపోయిన కెపాసిటర్లు ఒక్కొక్కటే తీస్తున్నాడు. సోల్డరింగ్ ఐరన్ కొస నుంచి సన్నటి పొగ లేస్తోంది. ఆమె వచ్చిందని తెలిసినా తల ఎత్తలేదు.

“ఏమండీ.”

“ఊఁ.”

“ఆవిడ పదకొండింటికి వస్తుందట.”

“అన్నయ్య చెప్పాడు.”

“ఉత్తరం చదివారా?”

“అన్నయ్యే రాశాడుగా.”

“చదివారా అని అడిగాను.”

ఇంకో కెపాసిటర్ ఊడి రేకు డబ్బాలో పడింది. “చదివాను.”

ఆమె చుట్టూ చూసింది. గోడకి వరసగా తగిలించిన తీగెల చుట్టలు, డబ్బాల్లో స్క్రూలు, ఎండలో పెట్టి తెల్లబరిచిన పాత మిషన్ల పైమూతలు. ఎక్కడి వస్తువు అక్కడే ఉంది. నాలుగేళ్ళ కాపురంలో ఆమెకి ఈ మనిషి మీద ఉన్న గౌరవమంతా ఈ గదిలోంచి వచ్చిందే.

“సంతకం పెట్టనా?”

అతను ఐరన్‌ని దాని స్టాండులో పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. మళ్ళీ ఐరన్ అందుకున్నాడు.

“నీ ఇష్టం.”

“నా ఇష్టమే అయితే పెట్టను.”

“పెట్టకపోతే నాన్నకి తెలుస్తుంది.”

“పెడితే?”

అతను ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, అది ఆమెకి కనబడింది. “పెడితే… నువ్వు చేశావని తెలుస్తుంది.”

“అది నయమా?”

అతను రేకు డబ్బా పక్కకి జరిపాడు.

“గ్రంథాలయం వాళ్ళతో ఏం చెప్పను?”

“ఆర్నెల్లు ఆగు. అప్పటికి అందరూ మర్చిపోతారు. మనుషులు ఎంతకాలం గుర్తుపెట్టుకుంటారు ఇవన్నీ?”

“ముప్ఫై ఏళ్ళ కిందటి పెట్టె మడత ఎటుందో గుర్తుపెట్టుకున్నారండీ వాళ్ళు.”

అతనికి నవ్వు వచ్చినట్టుంది. పెదవి కదిలి ఆగిపోయింది. “నన్నేం చెయ్యమంటావు? నేను లోపలివి చూసేవాణ్ణి. కాసెట్ తుడుస్తాను, ఆడుతుందా లేదా చూస్తాను, ఇచ్చేస్తాను. పెట్టెల సంగతి నాకేం తెలుసు?”

“మీకు తెలుసని నేననలేదు.”

“అన్నట్టే ఉంది.”

“లేదండీ,” అంది ఆమె.

ఆ గదిలోకి ఆమె వచ్చింది ఒకే ఒక్క మాట కోసం. వద్దు అనే మాట. సంతకం పెట్టవద్దు అని గట్టిగా అననక్కర్లేదు, గొణిగినా చాలు. ఆ తర్వాత ఏమైనా పడేది. అతను ఐరన్ కొసని తడి స్పాంజికి రుద్దాడు. చుయ్ మంది.

షాపు ముందు ఏదో బండి ఆగిన చప్పుడైంది. “ఎవరో వచ్చినట్టున్నారు, చూడు,” అన్నాడు భర్త.

---

వచ్చినావిడకి యాభై దాటి ఉంటాయి. బూడిదరంగు బట్టలు, మెడలో తాడుకి కట్టిన భూతద్దం, చేతిలో చక్రాల పెట్టె. ఎవరి ఇంటికో పురుడు పోయడానికి వచ్చిన మంత్రసానిలా చకచకా మెట్లెక్కింది.

“ప్రయాణం బాగా జరిగిందా మేడమ్?” అన్నాడు పెద్దకొడుకు వంగి.

“బస్సు ప్రయాణం బస్సులాగే జరిగింది. బల్ల మీదకి ఒక తెల్లటి దుప్పటి ఇస్తారా?”

పెద్దకోడలు దుప్పటి తెచ్చి పరిచింది. ఆవిడ నూలు చేతితొడుగులు వేసుకుని, చక్రాల పెట్టె తెరిచి, లోపలున్న గేమ్ పెట్టెల్ని ఒక్కొక్కటే తీసి దుప్పటి మీద వరసగా పెట్టసాగింది. వాటి మీది బొమ్మలు ఈ ఇంటివాళ్ళకి కొత్త కాదు. పడవ, ఎర్ర కోట, కత్తి పట్టుకున్న కోతి. చిన్నకోడలికి ఒక్కొక్కదాన్ని ఏ రోజు చుట్టిందో గుర్తుంది.

అప్పుడు మెట్ల మీద మెల్లగా అడుగుల చప్పుడు వినబడింది.

“నాన్నా, నువ్వెందుకొచ్చావు?” పెద్దకొడుకు ఎదురెళ్ళాడు. “షాపులో ఎవరున్నారు?”

“తాళం వేసి వచ్చా. షాపు నాది. వచ్చిన మనిషితో నేను మాట్లాడొద్దూ?” పెద్దాయన కొడుకుని తప్పించుకుని లోపలికి వచ్చాడు. ఆయన వెనకే చిన్నకొడుకు వచ్చి గుమ్మం పక్కన గోడకి ఆనుకున్నాడు.

పెద్దాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “నమస్కారమమ్మా. ఏదో బేరమని మావాడన్నాడు.”

పరీక్షకురాలు పెద్దకొడుకు వైపు చూసింది. అతను నేల చూశాడు. ఆవిడకి ఈ ఇల్లు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు.

“బేరం కాదండీ. ఇవి మీ షాపు నుంచి వెళ్ళినవి. విప్పనివని చెప్పి అమ్మారు. ఇవన్నీ ఒకసారి విప్పి మళ్ళీ చుట్టినవి. ఎవరు చుట్టారో కనుక్కుని వెళ్ళడానికి వచ్చాను.”

పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి.

“పొరపాటు పడ్డారు,” అన్నాడు పెద్దాయన. “మేం చీటీ పెడతాం.”

“నాన్నా, నేను చెప్తాగా,” అంటూ పెద్దకొడుకు ఉత్తరం తీసి అందించాడు. “మేడమ్, మా చిన్నకోడలు అంతా ఒప్పుకుని రాసిచ్చింది. చిన్నపిల్ల. తెలీక చేసింది. మాకూ నిన్ననే తెలిసింది.”

ఆవిడ ఉత్తరాన్ని పైకే చదివింది, ఏ మాటనీ ఒత్తకుండా, మందుల చీటీ చదివినట్టు. ‘ఈ పద్నాలుగు పెట్టెలకీ ప్లాస్టిక్ చుట్టింది నేనే. మా బావగారికి గాని, నా భర్తకి గాని, మా మామగారికి గాని తెలియకుండా చుట్టాను.’

పెద్దాయన కోడలి వైపు తిరిగాడు. “నువ్వా అమ్మా?”

కోప్పడి ఉంటే ఆమె తట్టుకునేది. ఆయన గొంతులో కోపం లేదు. తప్పిపోయిన పిల్లని ఎక్కడ చూశారని అడిగేవాళ్ళ గొంతులా ఉంది.

“సంతకం లేదే,” అంది పరీక్షకురాలు.

“మీ ముందే పెడుతుంది. పెట్టమ్మా.” పెద్దకొడుకు కలం మూత తీసి, ఆమె ఎడమచేతిలోనే పెట్టాడు. ఆ ఒక్క విషయం మర్చిపోలేదు.

చిన్నకోడలు బల్ల దగ్గరికి వెళ్ళింది. గుమ్మం వైపు ఒకసారి చూసింది. భర్త చేతులు కట్టుకుని తన చెప్పులు చూసుకుంటున్నాడు. ఇంకా టైముంది, ఒక్క మాటకి. ఆమె కలం కాగితానికి ఆనించింది.

“ఆగండి,” అంది పరీక్షకురాలు. “ఇందులో పద్నాలుగు అని ఉంది. తడిసిన ఆ పెట్టెతో కలిపి ఇక్కడున్నవి పద్దెనిమిది.”

ఆవిడ చివరి నాలుగు పెట్టెలూ తీసి, మిగతావాటికి దూరంగా పెట్టింది.

“వీటి మడత కుడిదే. సరిగ్గా ఫ్యాక్టరీ మడత. అందుకే ఇన్నాళ్ళూ మా చేతికి కూడా దొరకలేదు. మీ పద్నాలుగింటి మీద అనుమానం వచ్చాక ఈ షాపు నుంచి వెళ్ళినవన్నీ వెనక్కి తెప్పించాం. మూలలు చూడండి.” భూతద్దం తాడు మెడలోంచి తీసి చిన్నకోడలికి ఇచ్చింది. “మీది పనిచేసే కన్ను, మీకు కనబడుతుంది.”

ఆమె వంగి చూసింది. ప్లాస్టిక్ అంచు కలిసిన చోట, ప్రతి మూలలోనూ మూడేసి సన్నటి చుక్కలు. సూదిమొనంత. వేడిగాలితో అతికించింది కాదు, కాల్చిన మొనతో తాకించి అతికించింది. మూడో చుక్క ప్రతిచోటా కొంచెం పక్కకి సాగి ఉంది, మొనని పైకి ఎత్తకుండా పక్కకి లాగి తీసినట్టు.

అలా లాగి తీసే చెయ్యి ఆమెకి తెలుసు. కింద గదిలో ప్రతి అతుకు మీదా అదే తోక ఉంటుంది.

“ఇవి అమ్మి అయిదేళ్ళయింది,” అంది పరీక్షకురాలు. “మీరీ ఇంటికి వచ్చి ఎన్నాళ్ళయింది?”

“నాలుగేళ్ళు.”

“మీరు వచ్చాక వెళ్ళినవాటిలో ఒక్కటి కూడా కుడి మడత లేదు. అన్నీ ఎడమవే.”

చిన్నకోడలు నిటారుగా నిలబడింది. ఇలాంటి చెయ్యి మా ఇంట్లో ఎవరికీ లేదన్నారు. ఉంది. ఆమె వచ్చేదాకా ఉంది. ఆమె వచ్చాక అది చేతులు కడుక్కుని పక్కకి జరిగింది. పక్క గదిలో, పక్క మంచం మీద, నాలుగేళ్ళుగా నోరెత్తకుండా ఉంది.

“మేడమ్, పాతవి ఎవరివో మాకెలా తెలుస్తుంది?” పెద్దకొడుకు గొంతు పీలగా పలికింది. “మేము కూడా ఎక్కడో కొనే ఉంటాం. ఎవడో మాకే అంటగట్టి ఉంటాడు.”

“అవి నావి,” అన్నాడు పెద్దాయన.

అందరూ ఆయన వైపు చూశారు.

ఆయన ఆ నాలుగు పెట్టెల్నీ అప్పటిదాకా చూస్తూనే ఉన్నాడు. ఆయనకి భూతద్దం అక్కర్లేదు. ఐరన్ పట్టుకోవడం చిన్నకొడుక్కి నేర్పింది ఆయనే.

“నేనే చుట్టాను. రాసుకోండి,” అన్నాడు. “పేరు, షాపు పేరు, అన్నీ రాసుకోండి. ఈ వయసులో నన్నేం చేస్తారు?”

“నాన్నా…” అన్నాడు పెద్దకొడుకు.  అతని భుజాలు కాస్త కిందికి దిగడం చిన్నకోడలు చూసింది. పెద్దకోడలు కొంగుతో నోరు మూసుకుంది.

“ఈ ఐరన్ చుక్కలు మీవేనా?” అని అడిగింది పరీక్షకురాలు.

“నావే. ఇలా పెట్టి, ఇలా…” చూపించడానికి ఆయన ఒక పెట్టె అందుకోబోయాడు. చేతులు బల్ల మీదకి రాగానే వణకడం మొదలైంది. పెట్టె వేళ్ళకి తగిలింది, జారింది, దుప్పటి మీద బోర్లా పడింది. మళ్ళీ అందుకోబోయాడు. పరీక్షకురాలు తొడుగు వేసుకున్న చేత్తో ఆ పెట్టెని నెమ్మదిగా పక్కకి జరిపింది. ఆయన చేతుల్ని చూసింది. తన పుస్తకం తెరిచింది.

“మీరు అవునంటే నేను రాసుకోవాల్సిందే,” అంది. “మీ పూర్తి పేరు చెప్పండి.”

“మామయ్యవి కావు,” అంది చిన్నకోడలు.

గట్టిగా అనలేదు. కానీ గదిలో అందరికీ వినబడింది.

“అమ్మాయ్, ఊరుకో,” అన్నాడు పెద్దాయన.

“ఊరుకోను మామయ్యా. మీ చేతులు వణకబట్టి ఆ బల్ల వదిలేసి ఏడేళ్ళయింది. మీరే చెప్పారు నాకు. ఇవి అయిదేళ్ళ కిందటివి.”

“పెద్దాళ్ళు మాట్లాడుతుంటే నీకెందుకే?” పెద్దకోడలు ఆమె మోచెయ్యి పట్టుకుంది. “ఆయనే ఒప్పుకుంటున్నాడు కదా. నువ్వు బయటపడ్డావు కదా. ఇంకేం కావాలి నీకు?”

చిన్నకోడలు మోచెయ్యి విడిపించుకోలేదు. కలాన్ని ఉత్తరం మీద అడ్డంగా పెట్టింది. కాగితం మీద ఆమె పేరు మొదటి అక్షరంలో ఒక గీత మాత్రం పడి ఉంది.

“ఈ పద్నాలుగూ నావి,” అంది పరీక్షకురాలితో. “బావగారు చెయ్యమన్నారు, చేశాను. ఎవరికీ తెలియకుండా చెయ్యలేదు. కొత్తవని చెప్పి అమ్ముతున్నారని నాకు మొదటి ఏడాదే తెలుసు. అడగలేదు. అదంతా నా పేరు మీదే రాసుకోండి. ఉత్తరం మీద మాత్రం సంతకం పెట్టను.”

“మరి ఈ నాలుగూ?”

“అవి ఎవరివో వాళ్ళే చెప్పాలి.”

“మీకు తెలుసా?”

ఆమె గుమ్మం వైపు చూడలేదు. చూస్తే చెప్పినట్టే. దుప్పటి మీద బొమ్మల్లోంచి కత్తి పట్టుకున్న కోతిని ఎంచుకుని దాన్నే చూస్తూ నిలబడింది. మెడ నొప్పి పుట్టింది. పక్కన పెద్దకోడలి చెయ్యి ఆమె మోచేతి మీద నుంచి జారిపోయింది.  పొయ్యి మీద నీళ్ళు పొంగి మంట మీద పడ్డాయి. 

పెద్దాయన ఒక్కడే గుమ్మం వైపు చూస్తున్నాడు. వణుకుతున్న చెయ్యి ఎత్తి, వద్దన్నట్టు ఆడించాడు. అది వణుకో సైగో తెలియలేదు.

గోడకి ఆనుకున్న మనిషి గోడ వదిలి ఒక అడుగు ముందుకు వేశాడు. చెప్పుల చప్పుడు వినబడింది.

“నీకెప్పట్నుంచి తెలుసు?” అన్నాడు.

ఆ రోజు అతను తనంతట తాను నోరు తెరిచి భార్యని అడిగిన మొదటి ప్రశ్న అది.

పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. పరీక్షకురాలు రాయడం మొదలుపెట్టింది.